టైపు కొట్టని ప్రశ్న

నాకు ఈ వయసులో బీపీ ఉంది, మోకాళ్ల నొప్పి ఉంది. ఈ రెండింటికంటే ముందునుంచీ ఒక గుమాస్తా మీద కడుపుమంట ఉంది. మొదటి రెండింటికీ మాత్రలు దొరుకుతాయి.

ఆయన కర్నూలులో ఒక పెద్ద వకీలు దగ్గర ముప్పై ఏళ్లు గుమాస్తాగా చేశాడు. నేను కోర్టులో అంతకంటే నాలుగేళ్లు ఎక్కువే టైపిస్టుగా చేశాను. ఆ నాలుగేళ్లూ చెప్పుకోకుండా ఉండలేను. వకీలు పోయాక ఆయన పని మానేశాడు, వయసు నిండి నేను రిటైరయ్యాను. ఇప్పుడు రోజూ పొద్దున పదికి భాయ్ టీ బంకు ముందు వేసిన బండ మీద ఇద్దరం కూర్చుంటాం. మాతోపాటు లారీల ట్రాన్స్‌పోర్టు నడిపే ఒకాయన, ఇంకో ఇద్దరు ముగ్గురు. అందరూ వచ్చేది టీకి కాదు, గుమాస్తా చెప్పే కథలకు.

కథ చెప్పేటప్పుడు ఆయన చేతులు ఊపడు, గొంతు పెంచడు. గ్లాసు రెండు వేళ్లతో పట్టుకుని, ఆపాల్సిన చోట ఆపుతాడు. హత్య కేసు చెబితే రక్తం ఊసెత్తడు. చచ్చినవాడు గడప దగ్గర వదిలిన చెప్పుల గురించి చెబుతాడు, అందులో ఒకటి కొత్తగా కుట్టించినదని చెబుతాడు. అంతే, భాయ్ పాలు పొంగిపోతున్నా చూసుకోడు.

నా బాధ ఏమిటంటే, ఆయన ఆ ముప్పై ఏళ్లూ గోడ వారన ఫైళ్లు పట్టుకుని నిలబడ్డ మనిషి. నేను జడ్జి గారి బల్ల కింద, సాక్షి నోటికి మూడడుగుల దూరంలో కూర్చున్నవాణ్ణి. నేను టైపు కొడుతుంటే ఆ వేగం చూడటానికి పక్క కోర్టుల జడ్జీలు వచ్చేవారు. కాదులెండి. ఒకాయన ఒకసారి వచ్చారు, మా ప్రింటరులోంచి నాలుగు కాగితాలు తీసుకుని వెళ్లారు. కానీ ప్రతి ఏడుపూ, ప్రతి తడబాటూ నా వేళ్ల మీదుగానే కాగితం ఎక్కిందన్నది నిజం. అలాంటివాణ్ణి నేను నోరు తెరిస్తే మాత్రం ఇలా ఉండేది:

"సాక్షి ఏమన్న్యాడు సారూ?" అని ట్రాన్స్‌పోర్టాయన అడిగేవాడు.

"చూల్లేదన్నాడు."

"మల్ల?"

"మల్ల సంతకం పెట్టినాడు."

ఆ తర్వాత ఎవరో ఒకరు గుమాస్తా వైపు తిరిగేవారు.

ఇంట్లోనూ అదే. మనవడి నామకరణానికి ఆయన మా ఇంటికి వచ్చి గంటసేపు ఏదో పాలుపంపకాల కేసు చెప్పి వెళ్లాడు. నా భార్యది వేంపల్లె, మాట దాచుకునే అలవాటు లేదు. "ఆయప్ప చెప్తాంటే పొయ్యి మీద కూర మాడినా తెలీదు. నువ్వు చెప్తాంటే ఉప్పు వేసినానా లేదా అని గుర్తుకొస్తాది" అంది. నలభై ఏళ్లు కాపురం చేసిన మనిషి అన్న మాట. నేను ఆ పూట కూరలో ఉప్పు తక్కువైందన్నాను. తక్కువ కాలేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. పోయిన ఎండాకాలం ఒక రోజు బండ మీద ట్రాన్స్‌పోర్టాయన ఫోనులో ఏదో వార్త చదివాడు. ఎక్కడో ఒక ఆడమనిషి పెట్టిన కేసులో ముద్దాయికి శిక్ష పడిందట.

"శిక్ష పడిందంటే జరిగినట్టేనా సారూ?" అన్నాడు. అడిగింది గుమాస్తాను.

గుమాస్తా టీ ఊదుకుంటూ, "కోర్టు చెప్పినాక ఇంగ మనం చెప్పేదేముండాది" అన్నాడు. అంతకుమించి ఒక్క ముక్క మాట్లాడలేదు. ఆడవాళ్ల కేసులు వచ్చినప్పుడల్లా ఆయన ఇలాగే తేల్చేసేవాడు. తలుపులు మూసి విచారించే కేసుల్లో గుమాస్తాలు వరండాలో ఉండాలి కాబట్టి ఆయన దగ్గర సరుకు లేదు అనుకున్నాను. నా దగ్గర ఉంది. మూసిన తలుపుల లోపల నేనున్నాను.

"కోర్టుకు అన్నీ తెలుస్తాయని ఎవరన్నారప్పా" అన్నాను. "కాగితం మీదికి రాని మాటలు శానా ఉంటాయి."

ట్రాన్స్‌పోర్టాయన ఫోను జేబులో పెట్టాడు. భాయ్ గరిటె ఆపాడు. ఎన్నేళ్ల తర్వాతో నా వైపు తిరిగిన ముఖాలు అవి. ఆ ముఖాలను పోగొట్టుకోవడం నాకు చేతకాలేదు.

చెప్పాను. నా సర్వీసు చివరి రోజుల్లో వచ్చిన కేసు. బేతంచెర్ల దగ్గర బండల పాలిషు ఫ్యాక్టరీలో పనిచేసే అమ్మాయి. అక్కడి మేస్త్రీ మీద కేసు. సాక్షిని ఎదురు ప్రశ్నలడిగే క్రాస్‌లో ముద్దాయి వకీలు, నువ్వు ఇంతకుముందు ఒక లారీ డ్రైవరుతో రెండుసార్లు కర్నూలుకు పోయి రాత్రి అక్కడే ఉన్నావు కదా అని అడిగాడు. జడ్జి మేడమ్ ఆ ప్రశ్న పనికిరాదన్నారు, టైపు కొట్టొద్దన్నారు. నేను కొట్టలేదు.

ఇక్కడ ఆపాను. గుమాస్తా ఆపినట్టే, గ్లాసు రెండు వేళ్లతో పట్టుకుని.

"ఆ పిల్ల ఏమన్నింది సారూ?" అన్నాడు ట్రాన్స్‌పోర్టాయన.

"ఏమంటాది. తల వంచుకున్నింది."

బండ మీద ఒకాయన, "అట్లయితే ఆ మేస్త్రీని అన్యాయంగా లోపలేసినారు" అన్నాడు. భాయ్ "అల్లా జానే, పైవాడికే ఎరుక" అని మళ్లీ గరిటె పట్టుకున్నాడు. ఏడాదిన్నర నడిచి, పదకొండు మంది సాక్షులను విని, నలభై పేజీల్లో రాసిన తీర్పును మా బండ ఒక్క టీలో తిరగరాసింది. తిరగరాయించింది నేను. గుమాస్తా గ్లాసులో సగం టీ వదిలేసి, లేచి వెళ్లిపోయాడు. ఓడిపోయాడనుకున్నాను. ఆ రోజు ఇంటికి నడుచుకుంటూ వెళ్తుంటే మోకాళ్లు నొప్పి పెట్టలేదు.

నేను పేరు చెప్పలేదు సుమా. అలాంటి కేసుల్లో బాధితురాలి పేరు బయటపెట్టకూడదని చట్టం. చట్టం నాకు తెలుసు. పేరు తప్ప ఊరు చెప్పాను, పని చెప్పాను, వాళ్ల నాన్న ట్రాక్టరు తోలతాడని చెప్పాను. మిగిలింది వాళ్లే చూసుకున్నారు. ఇక్కడ మీకు చెప్పిన ఊరూ, పనీ, నాన్న ట్రాక్టరూ ఆమెవి కావు. ఆ మాత్రం ఆలస్యంగా నేర్చుకున్నాను.

పది రోజులు నేను రాజులా బతికాను. ఇంకా ఏవైనా కాగితం ఎక్కని మాటలు చెప్పమని అడిగేవారు. ఒకటి రెండు కల్పించాను కూడా. గుమాస్తా వచ్చేవాడు, కూర్చునేవాడు, మాట్లాడేవాడు కాదు. పదకొండో రోజున ట్రాన్స్‌పోర్టాయన వస్తూనే నా పక్కన కూర్చున్నాడు.

"నువ్వు చెప్పినావే సారూ, ఆ పిల్ల. ఇప్పుడు మా బావ ఫ్యాక్టరీలోనే గేటు కాడ ఉంటాది. లారీ వస్తే నంబరు రాసుకోని, బండలు లెక్కబెట్టి పంపేది ఆ పిల్లే. మా బావకు చెప్తి. మూడు దినాల కిందట పనికి రావద్దన్న్యాడంట."

"ఎందుకు?" అన్నాను.

"ఎందుకేంది సారూ. లారీ డ్రైవర్లొచ్చే గేటు కదా" అని నవ్వాడు. "మా యక్క గూడా ఒప్పుకోలేదులే. ఇంటికి కూతవేటు దూరంలో ఫ్యాక్టరీ."

ఆయన దృష్టిలో అది శుభవార్త. నా మాటకు అంత విలువ ఉందని చెబుతున్నాడు. నా టీ చల్లారిపోయింది.

ఆ రోజు కోర్టులో నిజంగా జరిగింది ఇప్పుడు చెప్తాను. బండ మీద చెప్పింది సగం, ఆ సగంలోనూ ఒక అబద్ధం.

సాక్షి తెలుగులో చెబుతుంది. జడ్జి మేడమ్ దాన్ని ఇంగ్లీషులో నాకు చెబుతారు, నేను టైపు కొడతాను. ఏళ్ల తరబడి ఇదే పని చేసిన టైపిస్టుకు ఒక రోగం వస్తుంది, వేళ్లు చెవుల వెంట పోతాయి. జడ్జి గారు చెప్పేదాకా ఆగవు. వకీలు ఆ ప్రశ్న అడుగుతుంటేనే నా వేళ్లు సగం ప్రశ్న కొట్టేశాయి. సర్కారు తరఫు పీపీ గారు లేచి నిలబడే లోపే, మేడమ్ వకీలుతో, "ఆమె నడవడి గురించి ఇక్కడ అడగడానికి వీల్లేదని మీకు తెలుసు" అన్నారు. తర్వాత నా వైపు చూసి, "ప్రశ్నా వద్దు, జవాబూ వద్దు" అన్నారు.

జవాబు. జవాబు ఉందన్నమాట. మేడమ్ వకీలును ఆపుతున్నప్పుడే ఆ అమ్మాయి జవాబు చెప్పేసింది. తల వంచుకోలేదు. వకీలును కాదు, ఎందుకో నన్నే చూస్తూ చెప్పింది, కొడుతున్నది నేనే కదా అనేమో. "వాడు మా చిన్నాయన కొడుకు సార్. మా యమ్మ కంటికి ఆపరేషను చేయిస్తిమి. ఒకతూరి చేర్పించేదానికి, ఒకతూరి పిల్చుకొచ్చేదానికి పోతిమి. రాత్రి ఆసుపత్రిలో పండుకుంటిమి." ఆ లారీ డ్రైవరు ఆమెకు తమ్ముడి వరస. అంతే సంగతి.

నేను బ్యాక్‌స్పేస్ నొక్కి సగం ప్రశ్న చెరిపాను. పాత మిషన్ల రోజుల్లో తప్పు పడితే దానిమీద గుణకారం గుర్తులు వరసగా కొట్టేవాళ్లం, కింద ఏముందో వెలుతురుకు పట్టి చూస్తే తెలిసేది. కంప్యూటరులో ఏమీ మిగలదు. ఆ వాంగ్మూలం ఇవాళ తీసి చూస్తే ప్రశ్న లేదు, జవాబు లేదు, వకీలు నేరుగా ఇంకో విషయానికి వెళ్లినట్టు ఉంటుంది. చట్టం ప్రకారం అది సరైనదే. మేడమ్ చేసింది ఆమె మంచికే.

కానీ నా తలలో బ్యాక్‌స్పేస్ లేదు. ఇంకో సంగతి ఒప్పుకోవాలి. ప్రశ్నా విన్నాను, జవాబూ విన్నాను. నాలో మిగిలింది ప్రశ్న. వకీలుది పెద్ద గొంతు, ఆమెది చిన్న గొంతు. ఒకరు అడిగారంటే ఏదో ఉండే ఉంటుందిలే అనే రకం మనిషిని నేను. ఆ తర్వాత వచ్చిన సాక్షుల మాటలు కొడుతున్నప్పుడు కూడా ఆ లారీ నా కళ్ల ముందు పోతూనే ఉండేది. డాక్టరు వచ్చి గాయాల గురించి చెబుతుంటే, నిజమేలే గానీ, అనుకునేవాణ్ణి. ఆ 'గానీ' ఎక్కడిదో నాకు తెలుసు. చివరికి తీర్పు కూడా నేనే టైపు కొట్టాను. మేడమ్ చెబుతుంటే ప్రతి వాక్యంలో ఆ ప్రశ్న నీడ ఎక్కడైనా పడుతుందా అని కాచుకుని కూర్చున్నాను. పడలేదు. ఇద్దరం ఒకే గదిలో, ఒకే మాట విన్నాం. మేడమ్ దాన్ని ఆ గదిలోనే వదిలి రాగలిగారు. నేను ఇంటికి మోసుకుపోయాను. అప్పుడు మేడమ్ మీద కూడా కాస్త అసూయపడ్డాను. నేను అసూయపడని మనిషంటూ లేడు.

ట్రాన్స్‌పోర్టాయన ఆ వార్త చెప్పిన మర్నాడే బండ మీద జవాబు కూడా చెప్పాను. చిన్నాయన కొడుకు, అమ్మ కన్ను, ఆసుపత్రి, అంతా. తల వంచుకుందన్నది నేను కల్పించానని కూడా చెప్పాను. ఈసారి ఎవరూ గ్లాసు కింద పెట్టలేదు.

"ఇప్పుడెందుకు సారూ మాట మారుస్తాండావు? ఎవరన్నా ఇంటికొచ్చినారా?" అన్నాడు ట్రాన్స్‌పోర్టాయన.

"ఎవరూ రాలేదు. ఇదే నిజం."

"ఉంటాదిలే సారూ. అడిగినప్పుడు ఎవరైనా ఏదో ఒకటి చెప్తారు కదా." ఎంతో మర్యాదగా అన్నాడు. నన్ను కాపాడుతున్నట్టు అన్నాడు. పక్కాయన, "మంచోడు సారు, ఆడపిల్ల కదా అని సర్దుతాండాడు" అన్నాడు. అబద్ధం చెప్పిన రోజు నేను నిజం చెప్పిన మనిషిని, నిజం చెప్పిన రోజు దయగల మనిషిని అయ్యాను.

గుమాస్తా ఆ రోజు రాలేదు. రెండు రోజులు చూసి ఆయన ఇంటికే వెళ్లాను. వరండాలో మంచం మీద కూర్చుని చింతకాయలు వలుస్తున్నాడు. కూర్చోమనలేదు. నేనే కూర్చున్నాను. అమ్మాయి పని పోయిన సంగతి చెప్పాను.

"తెలుసు" అన్నాడు. ఇంకో చింతకాయ చేతిలోకి తీసుకున్నాడు. "ఆ ప్రశ్న ఎవరు రాసిచ్చినారనుకుంటివి?"

నాకు అప్పటిదాకా తట్టలేదు. ముద్దాయి తరఫు వకీలు ఈయన వకీలే.

"ఆయమ్మ ఊరికి పోయి, ఈదిలో ఆ మాటా ఈ మాటా అడిగి, లారీ సంగతి పట్టుకొచ్చింది నేనే. చీటీలో రాసింది నేనే. తర్వాత ఆసుపత్రిలో విచారిస్తే, తల్లి కంటి ఆపరేషను అని తేలింది. వకీలు సారుకు చెప్తి. అడుగుదాంలే గుమాస్తా, మాట గాల్లో ఉంటే చాలన్న్యాడు." ఆయన నా వైపు చూశాడు. "ఆ పొద్దు నుంచి దాన్ని నోట్లో పెట్టుకోని మింగినా. నువ్వు కక్కినావు."

ఆయన దగ్గర సరుకు లేదనుకున్నాను. నాకంటే ఎక్కువ ఉంది. ప్రశ్న ఎక్కడ పుట్టిందో కూడా ఆయనకే తెలుసు. దాన్ని బండ మీద పెడితే ఇంతకాలం ఆయన చెప్పిన కథలన్నీ దాని ముందు తేలిపోయేవి. పెట్టలేదు. అంత మాట నోట్లో పెట్టుకుని రోజూ నా పక్కన కూర్చుని టీ తాగాడు. సిగ్గుపడాల్సిన చోట నాకు మళ్లీ కడుపుమంటే వచ్చింది. ఆయన కథలు చెప్పడంలోనే కాదు, చెప్పకపోవడంలోనూ నాకంటే మొనగాడు.

"ఫ్యాక్టరీకి పోదాం పా. నేను గూడా వస్తా" అన్నాడు.

వద్దన్నాను. నా తప్పు నేనే దిద్దుకుంటానన్నాను. వినడానికి గొప్పగా ఉంది కదా. అసలు కారణం, ఆయన వస్తే నాకంటే బాగా చెబుతాడు, ఆ మంచి పేరు ఆయనకే పోతుంది. ఒక అమ్మాయి కూటికి సంబంధించిన పనిలో కూడా నేను ఆలోచించింది అది.

బస్సులో ఒక్కణ్ణే వెళ్లాను. ఫ్యాక్టరీలో పాలిషు మిషన్లు తిరుగుతున్నాయి, తెల్లటి నీళ్లు కాలవ కట్టి పారుతున్నాయి. గేటు దగ్గర ఎవరో కొత్త మనిషి రిజిస్టరు ముందు కూర్చుని లారీ డ్రైవరుతో లెక్క తప్పిందని వాదులాడుతున్నాడు. ఓనరు నలభై ఏళ్ల మనిషి, తెల్ల చొక్కా మీద బండల దుమ్ము. మర్యాదగా కుర్చీ వేయించాడు. అంతా విన్నాడు.

"సారూ, పెద్దోళ్లు మీరు. మొదట చెప్పిందీ మీ నోరే, ఇప్పుడు చెప్పేదీ మీ నోరే. యాది నమ్మల్ల నేను?"

"ఇప్పుడు చెప్పేది."

"దానికేమన్నా కాగితముండాదా?"

"లేదు. రెండూ ఎక్కించొద్దన్నారు."

"ఇంగ ఎట్ల సారూ, కాగితం లేకుండా."

అప్పుడు నాకు కోపం వచ్చింది. ఆ కోపం ఆయన మీదో నా మీదో తెలియదు. "ప్రశ్నకు కాగితం అడగలేదు గదప్పా నువ్వు. అది వింటూనే పని తీసేస్తివి. జవాబుకు మాత్రం కాగితం కావల్లనా? శిక్ష పడిన తీర్పుంది, అది నలభై పేజీలు. అది ఎన్నడన్నా చూస్తివా?"

ఆయన కిటికీ లోంచి గేటు వైపు చూశాడు. గేటు దగ్గర లెక్క ఇంకా తేలలేదు. "నేను తప్పుగా అనుకోల్యా సారూ. మాట పుట్టినాక ఇంట్లో ఆడోళ్లు ఊరుకోరు" అన్నాడు. తర్వాత, "ఇంగెవరికన్నా తెలుసునా ఈ సంగతి? మీరు గాక?" అన్నాడు.

తెలుసు. ఒక్కడికి తెలుసు. ఫోను తీశాను, పెట్టాను, మళ్లీ తీశాను. గుమాస్తాకు కలిపి ఓనరు చేతికి ఇచ్చాను. అంతకంటే బరువైన వస్తువు ఎవరికీ ఇచ్చిన గుర్తు లేదు.

అవతల ఆయన ఏం చెప్పాడో నాకు వినబడలేదు. ఇవతల ఓనరు ముఖం మాత్రం చూశాను. మొదట ఊ అన్నాడు. తర్వాత ఊ అనడం మానేశాడు. కుర్చీలో ముందుకు జరిగాడు. "చీటీ మీరే రాస్తిరా సారూ?" అన్నాడు. "ఏ ఆసుపత్రి?" అన్నాడు. ఒకచోట గుమాస్తా ఆపి ఉంటాడు, ఈయన ఊపిరి బిగబట్టాడు. నేను అరగంట చెప్పి చేయలేనిది ఆయన ఐదు నిమిషాల్లో, ఫోనులో, చింతకాయలు వలుస్తూ చేశాడు. ఫోను తిరిగి ఇస్తూ ఓనరు, "మనిషంటే ఆ సారే సారూ" అన్నాడు. "రేపు రమ్మని చెప్పండి. గేటు కాడికే."

చెప్పడానికి నేనే వెళ్లాను, ఈ ఒక్కటైనా నా చేతుల మీదుగా జరగాలని. రెండు సందుల అవతల ఇల్లు. ఆమె గడప ముందు నిలబడి, లోపలికి రమ్మనకుండా నన్ను చూసింది. గుర్తుపట్టింది.

"టైపు కొడతాంటివే, ఆ సారు కదా."

అవునన్నాను. రేపటి నుంచి పనికి రమ్మన్నారని చెప్పాను. ఎందుకు తీసేశారో, ఎవరి వల్లో కూడా చెప్పాను. ఎలా చెప్పాలని దారంతా ఆలోచించుకున్నది ఒక్కటీ గుర్తుకు రాలేదు. నా వల్లే అన్నాను, అంతే.

ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది, దానికైనా నా దగ్గర జవాబుండేది. "ఆ పొద్దు నేను చెప్పింది కాగితంలో ఉండాదనుకుంటి" అంది. "నిన్ను చూసే కదా చెప్తి. కొడతాండావని."

"కొట్టొద్దన్నారమ్మా. ఆ ప్రశ్నే ఉండకూడదని."

"ప్రశ్న పోలేదు కదా సార్. మా యమ్మ కన్ను పోయింది, ప్రశ్న యాడికీ పోలేదు." లోపల వాళ్లమ్మ ఎవరని అడిగింది. "పని కాడ నుంచి ఎవరోనమ్మా" అని లోపలికి చెప్పి, నా వైపు తిరిగింది. "మా ఓనరు సారు మీ మాట విన్న్యాడు, గుమాస్తా సారు మాట విన్న్యాడు. నన్ను పిలిచి ఏమ్మా ఏంది సంగతని ఒక్కమాట అడగలే. నేను వారమంతా ఈ ఇంట్లోనే ఉంటి."

నేనూ అడగలేదు. బండ మీద చెప్పే ముందు గానీ, గుమాస్తా ఇంటికి పోయే ముందు గానీ, ఓనరు దగ్గరికి పోయే ముందు గానీ. ఆమెకే తెలిసిన సంగతి కోసం ముగ్గురు మగవాళ్లం ఫోనులు అందించుకున్నాం.

"పోతావా రేపు?" అన్నాను.

"పోతా. లెక్క నాదే కరెక్టుగా ఉండేది. ఆయనకు గూడా తెలుసు ఆ సంగతి." తలుపు వేసుకుంది.

మర్నాడు ఆమె పనిలోకి వెళ్లిందట. అందరూ మళ్లీ మామూలుగా ఉన్నారా అంటే, లేరు. గేటు దగ్గర లారీ ఆగినప్పుడు కొందరు డ్రైవర్లు అవసరం లేని ఒక నవ్వు నవ్వుతారట. ఆ నవ్వు ఏ ప్రశ్నలోంచి వచ్చిందో నాకు తెలుసు.

ఆ వారమే బండ మీద ట్రాన్స్‌పోర్టాయన, "మా బావ చెప్పినాడు. గుమాస్తా సారు ఒక్క ఫోను చేసి ఆ పిల్లను మల్ల గేటు కాడ కూర్చోబెట్టినాడంట. ఏం చెప్పినావు సారూ, ఈడ గూడా ఒకతూరి చెప్పు" అన్నాడు.

అందరూ ఆయన వైపు తిరిగారు. నా కడుపులో ఏం మండిందో మీరు ఊహించుకోవచ్చు. బస్సులో పోయింది నేను, ఓనరు ముందు అరిచింది నేను, గడప ముందు నిలబడింది నేను. ఆ ఫోను కలిపింది కూడా నేనే.

గుమాస్తా గొంతు సవరించుకున్నాడు. "నేను కాదప్పా, ఈ టైపు సారే పోయి..." అని మొదలుపెట్టాడు.

"ఎండ శానా ఉండాది. ఆ పక్క నీడకు జరగండప్పా" అన్నాను.

ఆయన నన్ను చూశాడు, ఆపేశాడు. జరిగాం. ట్రాన్స్‌పోర్టాయన ఇంకేదో డీజిలు సంగతి ఎత్తుకున్నాడు. ఆ అమ్మాయి మాట ఆ బండ మీదికి మళ్లీ రానివ్వకూడదనే అలా అన్నానని చెబితే మీరు నన్ను మెచ్చుకుంటారు. సగం అందుకే. మిగతా సగం, నేను చేసిన మంచిని కూడా ఆయన నోటి నుంచి, నాకంటే బాగా చెబుతుంటే కూర్చుని వినే ఓపిక నాకు లేదు.